చంకలో కిర్రుచెప్పు

ఆ పొద్దున ఆకాశం కురుస్తానని మూడుసార్లు బెదిరించి, ఏమనుకుందో ఏమో, ఊరుకుంది.

నేను ఒక కిర్రుచెప్పును. జతలో ఎడమదాన్ని. కుడిది నాకు తోడేగాని దానికి నోరు లేదు. మండపేట దగ్గర సంగయ్య నన్ను కుట్టాడు. అడుగు పొరల మధ్య ఎండుతోలు ముక్క ఒకటి దూర్చి, "ఇది పాడుద్ది" అన్నాడు. అంతకుమించి మాట్లాడే మనిషి కాడు. ఆ రోజుల్లో కిర్రుచెప్పులతో వీధిన పోవడం దర్జా. దొంగతనానికి మాత్రం పనికిరావు. దొంగను పట్టడానికీ పనికిరావని సినిమావాళ్లు కనిపెట్టారు.

అలా నేను నటుడు పేర్రాజు గారి కాలికి చేరాను. 'డిటెక్టివ్ చిట్టెబ్బాయ్' పేరుతో మూడు సినిమాలు. కథలు వేరు, నవ్వు ఒకటే. చిట్టెబ్బాయ్ పిల్లిలా దొంగ వెనక నడుస్తాడు. నేను కిర్రుమంటాను. తన వెనకెవరో ఉన్నారని తానే అదిరిపడి తిరిగి చూస్తాడు. ఈలోగా దొంగ ఉడాయిస్తాడు. ఆ ఒరిగి ఒరిగి నడిచే నడక మహానటన అని పత్రికలు రాశాయి. నిజం నాకు తెలుసు. కాని చెప్పునెవరడుగుతారు?

నాలుగో సినిమాకి పేర్రాజు గారి మోకాళ్లు మొరాయించాయి. ఆ వేషం లోవరాజుకి వచ్చింది. పదేళ్లుగా సినిమాల్లో రెండో పోలీసు జవానుగా వెనక వరసలో నిలబడ్డ మనిషి. ఇది పోతే మళ్లీ వెనక వరసే.

రెండు రోజులు మమ్మల్ని తొడుక్కుని కెమెరా ముందు గోదావరి గట్టు మీద నడిచాడు. పాదం తేలిక. బరువు పడందే నేను పలకను. కిర్రు వస్తుందేమోనని అతను ఆగేవాడు, రాకముందే బెదిరేవాడు. నవ్వాల్సినవాళ్లు ఆవలించారు.

దర్శకుడు భద్రిరాజు గారు గొడుగు కింద నుంచి అన్నారు: "కిర్రు తర్వాతైనా అతికించుకోవచ్చు లోవరాజూ. నీ బెదురెక్కణ్ణుంచి తెచ్చి అతికించను? భోజనాల వేళదాకా చూస్తాను. కుదరకపోతే ఇంకో మనిషిని చూసుకోవాలి, ఏవనుకోకు."

నడక నేర్పడానికి పేర్రాజు గారిని పిలిపించారు. ఆయన చేతికర్రతో వచ్చి కుర్చీలో కూలబడ్డారు. లోవరాజు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గురువుగారూ, ఆ నడకలో కిటుకేటండీ?"

పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కిటుకా, నా మొహవా! అరికాల్లో ఆనెకాయుండేదయ్యా. అందుకని ఒరిగేవోణ్ణి."

"మరి ఎనక్కి తిరిగి అదిరిపోయేవోరు కదండీ, అదేటి?"

"నొప్పయ్యా!"

"అయితే నన్నూ ఓ ఆనెకాయ పెంచుకోమంటారా?"

"భోజనాల వేళకి పెరగదురా నాయనా."

 లోవరాజు మమ్మల్ని విప్పి, నన్ను ఎడం చంకలో, కుడిదాన్ని కుడి చంకలో పెట్టుకుని దర్శకుడి దగ్గరికి వెళ్లాడు.

"మా నాన్న కొత్త చెప్పులు కొంటే అరిగిపోతాయని పొలిమేరదాకా చంకలోనే మోసేవోడండి. చిట్టెబ్బాయ్‌కి చప్పుడొద్దు కదా, ఆడూ ఇప్పేసుకుంటాడు. ఒక్కసారి ఇలా నడవనివ్వండి."

కెమెరా తిరిగింది. ఉత్త కాళ్లతో, హాయిగా నడిచాడు. మిట్ట ఎక్కబోతూ చెయ్యి బిగించాడు. చంకలో నలిగి నేను కిర్రుమన్నాను.

అతను నిజంగానే అదిరిపడ్డాడు. వెనక ఎవరూ లేరు. అడుగేశాడు, కిర్రు. కాళ్లు చూసుకున్నాడు, బోసికాళ్లు. గడ్డిమేటు వెనక వెతికాడు. చివరికి దొంగనే ఆపి, "అన్నా, నీకేవైనా ఇనపడిందా?" అన్నాడు. దొంగ వేషగాడు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

"చంకలో పిల్లాణ్ణెట్టుకుని సంతంతా ఎతికినట్టుందిరా!" అంటూ భద్రిరాజు గారు గొడుగు విసిరేశారు. "ఇంకో మనిషీ లేదు, గినిషీ లేదు. నువ్వే చిట్టెబ్బాయ్!"

అందరూ నవ్వారు. పేర్రాజు గారు నవ్వలేదు. కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నారు. నేను కిర్రుమన్నప్పుడల్లా వచ్చిన నవ్వు అంతవరకూ ఆయనది. లోవరాజు అది గమనించాడు. చంకల్లోంచి మమ్మల్ని తీసి మెల్లిగా నేల మీద పెట్టాడు.

భోజనాలకి పిలిచారు. లోవరాజు గుంపులోకి పోకుండా పెద్దాయన పక్కనే విస్తరి వేసుకున్నాడు. వంకాయ కూర, చేపల పులుసు.  కాసేపటికి పేర్రాజు గారు తన పులుసులోని నడిమి ముక్క తీసి అతని విస్తట్లో వేశారు. లోవరాజు తలెత్తకుండా ముళ్లు ఏరి, సగం తిరిగి ఆయన విస్తట్లో పెట్టాడు. ఎంగిలని ఇద్దరూ అనుకోలేదు. తిన్నారు.