మూడో పిన్ను

ధనలక్ష్మికి మనుషులకన్నా మోటార్లే త్వరగా అర్థమవుతాయని నెల్లిమర్లలో అందరూ అనే మాటే. అందులో వెక్కిరింపు ఉంది గాని అబద్ధం లేదు. మొగుడు బతికున్నన్నాళ్ళూ అతని రివైండింగు షాపులో కూర్చుని రాగి తీగ చుట్టింది ఆవిడే. బోర్డు మీద పేరు అతనిది, కాయిలు మీద చెయ్యి ఈవిడది. అతను పోయాక షాపు మూసేసింది గాని చేతులు ఊరుకోలేదు. పాత ఇనుప సామాన్లు కొనే నాగబాబు బండి వీధిలోకి వస్తే చాలు, ఎదురెళ్ళి పిడి ఊడిన ఇస్త్రీ పెట్టెలు, జార్లు లేని మిక్సీలు, రెక్కలు వంగిన ఫాన్లు ఏరుకునేది. ముందుగది నిండింది, వంటగది నిండింది, మంచం కిందికీ చేరాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఒంటరి ఆడది ఈ తుక్కుతో ఏం చేసుకుంటుందని వాళ్ళ బాధ. ఏం చేసుకుంటుంది, బాగుచేసుకుంటుంది! అంతకు మించి వాళ్ళకు ఏం చెబితే మాత్రం ఎక్కుతుంది?

ఈ పిచ్చి తనొక్కదానికే లేదని రెండేళ్ళ కిందట ఫోనులో తెలిసింది. వాట్సాప్‌లో ఒక గ్రూపు, పేరు 'పాత కరెంటు సామాన్లు'. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఇరవై ముగ్గురున్నారు. నడిపేది విజయనగరంలో ఉండే నరసింగరావు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. నెలకో ఆదివారం ఆయన వరండాలో అందరూ కలుస్తారు. ఎవరు ఏది బాగుచేసినా దుప్పటి మీద పెట్టి, అడుగు మూత తీసి, లోపలంతా చూపించాలి. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు పొట్ట విప్పడం. లోపల కొత్త వైరు గాని కొత్త స్క్రూ గాని కనబడిందా, నరసింగరావు నాలుక చప్పరించి పక్కకు జరిగిపోతాడు. అన్నీ పాతవే అయితే మూత బిగించి, స్క్రూ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాడు. చుక్క పడిన వస్తువు మూత మళ్ళీ ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు ఒక్కటే మినహాయింపు. గోడల్లో సాకెట్లు మారిపోయాయి కాబట్టి అది కొత్తదైనా ఊరుకుంటారు, దాని లోపల చూడరు కూడా.

ఆ వరండాలోనే ధనలక్ష్మికి అనూరాధ దొరికింది. చీపురుపల్లి దగ్గర పల్లె ఆమెది. బట్టలు కుడుతుంది. మొగుడు నారాయణమూర్తిది వ్యవసాయం, పిల్లల్లేరు. పాత ఇస్త్రీ పెట్టెలంటే ప్రాణం పెడుతుంది. మొదటిరోజే సొంత అక్కను పిలిచినట్టు "అప్పా" అని పిలిచింది. అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోను. మిగతావాళ్ళు బాగుచేసినవాటిని అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోతే, ఈమె వాటితోనే పని చేసేది.

"వాడకపోతే బొమ్మే కదప్పా. తిరగని ఫానుని సూస్తే జాలేస్తాది నాకు" అనేది.

యాభై ఆరేళ్ళకు తన మాట అర్థమయ్యే మనిషి దొరికింది. ధనలక్ష్మి ఆ సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేదు గాని, మధ్యాహ్నం ఫోను పది నిమిషాలు ఆలస్యమైతే అన్నం సయించేది కాదు.

ఉగాది వెళ్ళాక నాగబాబు ఒక టేబుల్ ఫాను తెచ్చాడు. భోగాపురం వైపు, విమానాశ్రయం కోసం ఖాళీ చేసిన ఇళ్ళలో ఒకదాంట్లోదట. పోత ఇనుము అడుగు, ఇత్తడి రెక్కలు, అరవై ఏళ్ళ పైబడిన వయసు. నూలు అల్లిక ఉన్న రెండు పోగుల పాత వైరు కూడా తెగకుండా ఉంది. దీన్ని అనూరాధకే ఇవ్వాలని చూసిన క్షణమే అనుకుంది. మూడు వారాలు దాని మీదే కూర్చుంది. ఒళ్ళంతా ఇనుము, పాత నూలు వైరును నమ్మడానికి లేదని, కొత్తగా మూడు పోగుల వైరు వేసి మూడో పోగును అడుగుకు బిగించింది. అది ఎర్తు. లోపల కరెంటు ఎక్కడైనా ఇనుముకు తగిలితే, మనిషి ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోయే దారి.

"ఎర్తు కట్టేవా అప్పా?" అని అనూరాధ ఫోనులో అడిగింది కూడా.

"కట్టకుండా నీకిస్తానేటే?" అంది ధనలక్ష్మి. ఆ రోజుకు అది నిజమే.

ఆదివారం పొద్దున్న విజయనగరం బయల్దేరేముందు, తెల్లగా మెరుస్తున్న ఆ కొత్త వైరు చూస్తే ఆవిడకు ప్రాణం ఉసూరుమంది. నరసింగరావు నాలుక చప్పరించడం అప్పుడే చెవిలో వినబడింది. కొత్త వైరు పీకేసి మేకుకు తగిలించింది. పాత నూలు వైరు మళ్ళీ వేసి, చివర మూడు పిన్నుల ప్లగ్గు బిగించింది. రెండు పోగులు రెండు పిన్నులకు, మూడో పిన్నుకు ఏమీ లేదు. చుక్క పడ్డాక ఇంటికి తెచ్చి గుట్టుగా మార్చేసి, ఆ పైన అనూరాధకు ఇద్దామనుకుంది.

చుక్క పడింది. ఇంత నిఖార్సైన ఫాను తన వరండాలోకి ఎప్పుడూ రాలేదన్నాడు నరసింగరావు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతా అయ్యాక, రైలు ఆలస్యమై అనూరాధ పరుగున వచ్చింది. పొట్ట విప్పడం చూడలేదు, ఎర్ర చుక్క మాత్రమే చూసింది. ఫానును చంటిపిల్లలా చంకనెత్తుకుంది.

"వచ్చేవారం నానే తెస్తానే, సిన్న పని ఉన్నాది" అంది ధనలక్ష్మి.

"చుక్క పడ్డాక ఇంకా పనేమిటండీ?" అని నవ్వాడు నరసింగరావు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య ధనలక్ష్మి కూడా నవ్వేసింది. అనూరాధ ఫానును ఇంటికి పట్టుకెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోను చేసి చెప్పాల్సింది. ఎర్తు లేదు, వాడకు. రెండు ముక్కలు. కానీ గ్రూపులో ఫాను ఫోటోలు, పొగడ్తలు ఆగకుండా వస్తున్నాయి. చుక్క కోసం వైరు మార్చానని ఎలా ఒప్పుకోవడం? రేపు చెబుదాంలే అనుకుంది. పాడు సిగ్గు! ఆ రేపు మూడు రోజులైంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అనూరాధ ఇల్లు తుడిచి, నేల ఆరడానికని తిరుగుతున్న ఫానును తడిచేత్తో తనవైపు తిప్పుకుంది. నారాయణమూర్తి పొలం నుంచి వచ్చేసరికి ఫాను పక్కకు ఒరిగి ఇంకా తిరుగుతూనే ఉంది. కింద పడి ఉన్న అనూరాధలో ప్రాణం లేదు.

కబురు విన్నప్పుడు ధనలక్ష్మి చూపు ముందుగా మేకు మీదికే పోయింది. కొత్త వైరు అక్కడే ఉంది.

ఆవిడ వెళ్ళేసరికి ఊళ్ళో కరెంటు పనిచేసే అతను పెరట్లో, ఇంటి ఎర్తు తీగ భూమిలోకి దిగే గొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. గొయ్యి ఎండిపోయిందని, నీళ్ళు పొయ్యకపోతే ఎర్తు పనిచెయ్యదని తేల్చేశాడు. నారాయణమూర్తి గోడకు తల కొట్టుకున్నాడు.

"వారానికో బిందె పొయ్యమనీదొదినా! ఎండలు ముదిరేయి, గొయ్యి మర్సిపోకని నెత్తీ నోరూ కొట్టుకునీది. మర్సిపోనాను. నా సేతుల్తో నానే సంపీసేను దాన్ని!"

ధనలక్ష్మి నోరు తెరిచింది. చుట్టూ జనం. వెనక్కి తగ్గి గోడ పక్కన నిలబడింది.

మర్నాడు నరసింగరావుకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పింది.

"పోయిన మనిషి తిరిగొస్తుందా ధనలక్ష్మి గారూ? గొయ్యి ఎండిన మాట నిజమే కదా. ఇది బయటపడితే మన దగ్గరకు ఇంకెవరు వస్తారు? మనమంతా విడిపోవడమే. ఊరుకోండి."

ఊరుకుంది. ఆయన చెప్పాడని కాదు. ఆవిడకు కావలసిన మాటే ఆయన అన్నాడు.

పదకొండో రోజు భోజనాలకు వెళ్ళింది. ఇవాళ చెప్పేయాలనే వెళ్ళింది. విస్తరి ముందు కూర్చోబెట్టారు. మెతుకు దిగకపోయినా, తినకపోతే ఎందుకని అడుగుతారని తిన్నది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే నారాయణమూర్తి వచ్చి, కుర్రాళ్ళు అడ్డుపడుతున్నా వినకుండా, ఆవిడ ఆకు తానే మడిచి ఎత్తాడు. "దాని అప్పవి నువ్వు" అన్నాడు. ఆ మాట విన్నాక ఆవిడ చెప్పకుండానే తిరిగొచ్చేసింది.

నలభయ్యో రోజు అతని దగ్గర నుంచి ఫోను. "ఒకపాలి రా వొదినా. గొయ్యి బాగయినాదో లేదో నువ్వు సూడాల."

ధనలక్ష్మి మేకు మీది వైరు తీసి సంచిలో వేసుకుంది. చెబుతుందో లేదో ఆవిడకే తెలియదు. చీపురుపల్లిలో దిగి ఆటో ఎక్కింది. మృగశిర వాన సన్నగా పడుతోంది. పెరట్లో ఆ వానలోనే నారాయణమూర్తి బిందెతో గొయ్యికి నీళ్ళు పోస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. గొయ్యి చుట్టూ బురద, బురదలో మోకాలెత్తు తోటకూర మొలిచింది. కొయ్యడానికి చేతులు రానట్టుంది.

"రోజుకి రెండు బిందెలు. ఉప్పేసేను, బొగ్గేసేను" అన్నాడు లోపలికి వస్తూ. తడి కాళ్ళు కూడా తుడుచుకోలేదు. గదిలో అదే స్టూలు మీద అదే ఫాను ఉంది. "పోలీసులు ఇచ్చీసేరు. దాసేను. నీళ్ళు పోసుంటే అది బతికీదా లేదా, నాకు తెలాలి. ఇప్పుడు షాకు కొట్టకపోతే తప్పు నాదే. నాను సంపినట్టే."

ఆవిడ సంచి దించేలోపు స్విచ్చి వేశాడు. ఇత్తడి రెక్కలు కదిలాయి. గదంతా చల్లటి గాలి. అతను అడుగు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!"

ధనలక్ష్మి ఎలా దూకిందో ఆవిడకే తెలియదు. భుజంతో అతన్ని పక్కకు నెట్టి ప్లగ్గు లాగేసింది. రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, ప్లగ్గు విప్పి, అతని అరచేతిలో పెట్టింది.

"సూడు బాబూ. రెండిటికే వైరు ఉన్నాది. మూడోది ఖాళీ. నానే తీసీసేను. ఆ ఎర్ర సుక్క కోసరం, నలుగురూ మెచ్చుకోవాలని తీసీసేను. మళ్ళీ ఏద్దామనుకున్నాను, ఎయ్యలేదు. దానికి సెప్పనూలేదు."

అతను ప్లగ్గును తిప్పి తిప్పి చూశాడు.

"అయితే... నీళ్ళు కాదా?"

"కాదు. సముద్రం తెచ్చి పోసినా ఈ ఫానుకి అందదు. నీ తప్పు కాదు బాబూ. నీది కాదు."

నారాయణమూర్తి గోడకు జారగిలబడి కూర్చున్నాడు. నలభై రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు. పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో తేలిక ఉంది. అది చూసి ధనలక్ష్మికి కూడా ఒక్క క్షణం గుండె బరువు దిగింది. ముందే చెప్పాల్సింది, ఎంత సులువు, అనుకుంది.

అతను కళ్ళు తుడుచుకుని తలెత్తాడు.

"నీకు ఎప్పుడు తెలిసినాది?"

"ఆ రోజే."

"నాను గోడకి తల కొట్టుకున్నప్పుడు?"

"తెలుసు."

"పదకొండో రోజు కూడా నీకు తెలుసు."

ఆవిడ తల ఊపింది.

"అన్నం తిన్నావు" అన్నాడు నారాయణమూర్తి నెమ్మదిగా. "నీ ఆకు నానే ఎత్తేను."

లేచి ఫానును తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి, తలుపు బార్లా తీసి నిలబడ్డాడు. పోత ఇనుము బరువుకు చేతులు లాగేస్తుంటే ధనలక్ష్మి వానలోకి దిగింది. అడుగు మూత మీద ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు.