సన్యాసమ్మ మిషను తాళం

నేను ఒక తాళాన్ని. నాకు చెవి లేదు, చెవి దూరే కన్నమూ లేదు. అయినా వినాల్సిన మాట వింటాను. అంకెల మీటలున్న ముఖం, కడుపులో చిన్న బ్యాటరీ, దాని వెనక ఉక్కు గడియ, ఇదీ నా ఒళ్లు. పుట్టిన కార్ఖానాలో నన్ను సుత్తితో కొట్టారు, నీళ్లలో ముంచారు, అయస్కాంతం చూపించి ఆశపెట్టారు. దేనికీ లొంగలేదు. ఆ తరువాతే నాకు అట్టపెట్టెలో చోటు దొరికింది.

నన్ను కొన్న మనిషి సన్యాసమ్మ. విజయనగరం వైపు ఒక బస్టాండులో బిస్కట్లు, పళ్లరసాలు అమ్మే మిషను ఆమెది. భర్త పోయాక మెళ్లో గొలుసు అమ్మి పెట్టుకున్న బతుకుతెరువు. నాకు ముందు దానికి మామూలు తాళం ఉండేది. ఆ రకం మిషన్లన్నిటికీ తాళంచెవి ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పొద్దున నింపిన సరుకు సాయంత్రానికి డబ్బు పడకుండానే మాయమయ్యేది. తలుపు మీద గీతైనా ఉండేది కాదు.

"తాళం నీ కొంగునే ఉంటే దొంగెలగొచ్చాడు వదినా?" అన్నాడు మరిది సూరప్పడు. ఆ మాట ఆమెను కోసేసింది. నన్ను బిగించిన రోజున అతన్నే పక్కన నిలబెట్టి, "ఇక ఎవులు తీస్తారో సూద్దాం" అంది.

వచ్చారు. పాత తాళంచెవితో వచ్చినవాడు కన్నం కోసం నా ముఖమంతా తడిమి పోయాడు. ఇంకొకడు నోటికొచ్చిన అంకెలన్నీ నొక్కాడు. కాసేపు ఓర్చుకుని, ఆపైన ఏ మీట నొక్కినా పలకకుండా మూగనోము పట్టాను. వాడు తిట్టిన తిట్లు నాకు బిరుదులు. సరుకు పోవడం ఆగింది. "తప్పయిపోనాది వదినా" అన్నాడు సూరప్పడు. ఆమె అతని చేతిలో ఒక పళ్లరసం సీసా పెట్టింది.

ఆ ఏడు తుపాను వచ్చింది. మధ్యాహ్నానికే బస్టాండు చుట్టూ నీళ్లు. బస్సులు నిలిచిపోయాయి, కరెంటు పోయింది, మిషను పనిచేయడం మానేసింది. నేను మాత్రం బ్యాటరీతో మేలుకునే ఉన్నాను. ప్రయాణికుల్లో ఒక పెద్దాయన చెమటలు కక్కుతూ బెంచీ మీద ఒరిగిపోయాడు. సుగరు తగ్గించే సూది వేసుకున్నాడట, ఆపైన తిండి దొరకలేదట. "మా నాన్నకి తియ్యటిదేదైనా పొయ్యండి బాబూ!" అని కూతురు ఏడుస్తోంది. తియ్యటివన్నీ నా వెనకే ఉన్నాయి. ఎవరో గునపం తెచ్చారు.

గునపానికి నేను లొంగను. నాకు మొదటిసారి భయం వేసింది కూడా అందుకే.

కండక్టరు తవిటినాయుడు మిషను మీద రాసున్న నంబరుకు ఫోను చేశాడు. "అక్కా, ముసలాయన పోయేలాగున్నాడు. నువ్వు రాగలవా?"

"ఈదిలో మెడబంటి నీళ్లు, ఎలగొస్తాను? ముందా గునపం ఒగ్గేయండి. అది వొంగుద్ది గాని తలుపు రాదు. నాను సెప్పిన అంకెలు నొక్కు."

ఆమె ఫోనులో అప్పటికప్పుడు పుట్టిన అంకెలవి, ఒక్కసారికే చెల్లుతాయి. అతను నొక్కాడు. గడియ తీశాను. నా బతుకులో అంత త్వరగా ఎప్పుడూ తీయలేదు.

"ఉన్నదంతా పంచీ తమ్ముడూ, పిల్లల్ని ముందు సూడు" అంటోంది ఫోనులో సన్యాసమ్మ. పళ్లరసం కొద్దికొద్దిగా గొంతు దిగాక పెద్దాయన కళ్లు తెరిచి, "బస్సొచ్చీసిందేటి?" అన్నాడు. ఏడుస్తున్న కూతురు ఫక్కున నవ్వేసింది.

మర్నాడు, ఆ అంకెలు విన్నవాడొకడు మళ్లీ నొక్కి చూశాడు. కదల్లేదు. ఒక్కసారంటే ఒక్కసారే.

ఏళ్లు గడిచాయి. ఉప్పుగాలికి మిషను ఒళ్లంతా తుప్పు పట్టి పాత ఇనుము కొట్టుకు చేరింది. కొట్టువాడు నా మీదికి సుత్తి ఎత్తాడు.

"కొట్టకు బాబూ" అంది సన్యాసమ్మ. నిదానంగా అంకెలు నొక్కింది. తెరుచుకున్నాను. మరలు విప్పించి, నన్ను కొంగున కట్టుకుని, మిగతా ఇనుమంతా తూకానికి వేయమంది.