వేట అని రాసిన చోట

గౌతమి పొద్దున్నుంచి మూడుసార్లు కుర్చీ జరిపింది. కిటికీ మూసింది, తెరిచింది. కాశీబుగ్గలో ఆమె అద్దెకుంటున్న మేడగది కిందే జీడిపప్పు బట్టీ. కాలిన జీడి తొక్క వాసన మూసినా వస్తుంది, తెరిచినా వస్తుంది.

నాలుగింటికి తన సొంత ఊళ్లో, మత్స్యకారుల సంఘం గదిలో, పెద్దల ముందు ఆమె ప్రోగ్రాం నోరు విప్పాలి. తుఫాను హెచ్చరిక వస్తే ఎవరూ ముట్టుకోకుండానే దాన్ని అందుకుని మైకులో చెప్పడం దాని పని. నెల కిందట సంఘం గుమాస్తా వైకుంఠరావు టెక్కలి వెళ్లిన పూట హెచ్చరిక వచ్చింది. చెప్పే మనిషి లేక పడవలు వెళ్లిపోయాయి. ఆమె తండ్రి సన్యాసయ్య విరిగిన చేత్తో తిరిగొచ్చాడు. కట్టు విప్పి వారం కాలేదు, రేపు మళ్లీ వెళ్తానంటున్నాడు.

"ఈ యేల కూడా మాటాడకపోతే ఈ పెట్టిని పాత ఇనప సామానోడికి ఇచ్చేద్దారంటన్నారే," అన్నాడు ఫోన్లో మేనమామ యువరాజు. "నిన్న నువ్వు పంపింది ఎక్కిత్తే, ఇది ఈ కంప్యూటర్‌ది కాదని రాసింది. ఎవులిదే మరి?"

"నాదే తప్పు మావా. సరిచేసి తెస్తాను."

"తెస్తాను," అని సాగదీసి నవ్వాడు యువరాజు. "తెత్తావులే. తొరగా రా."

సంఘం కంప్యూటర్‌ది పాత విండోస్, ముప్పైరెండు బిట్లది. నిన్న ఆమె పంపింది దానికి కొరుకుడుపడని అరవైనాలుగు బిట్ల ప్రోగ్రాం. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమో లైనక్స్. ఆ ముసలి పెట్టెలో ఇక ఏదీ ఎక్కించే చోటు లేదు. అంచేత ఇక్కడ లైనక్స్ మీద కూర్చుని అక్కడి విండోస్‌కు అర్థమయ్యే ప్రోగ్రాం కట్టాలి. అలా కట్టిపెట్టే పనిముట్టు క్రాస్ కంపైలర్. తానున్న చోటుతో దానికి పనిలేదు. ఎవరి కోసం రాస్తోందో వాళ్ల మాటలోనే రాస్తుంది.

గౌతమికి ఆ పని కొత్త కాదు. విశాఖలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఆమె "ఏటి?" అన్నందుకు క్లాసు క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి నోరు తెరిచే ముందు ప్రతి మాటా లోపలే మార్చుకునేది. ఇప్పుడు మార్చుకుంటున్న సంగతే తెలియడం లేదు. అదే ఒక్కోసారి ఆమెను భయపెడుతుంది.

ముప్పైరెండు బిట్ల కంపైలర్ ఎక్కించింది. ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, లేదంది. అది తెచ్చిపెడితే ఇంకొకటి లేదంది. చివరికి కావలసినవన్నీ ప్రోగ్రాంలోనే కలిపేసి కట్టింది. ల్యాప్‌టాప్‌లోనే విండోస్‌లా నటించే ఏర్పాటు ఒకటి ఉంటే అందులో నడిపి చూసింది. "వేటకు వెళ్లరాదు," అంది ఆమె గొంతే, శుభ్రంగా.

ఆ గొంతును ఫోన్లో విని ఊరు పోయిన వారమే వద్దంది. పూండి టేసన్లో బండొత్తందనుకున్నామని నవ్వారు. ఆమె ఫోన్లో మాటల జాబితా చదివితే, యువరాజు అవన్నీ గౌతమి తల్లి చిన్నమ్మి చేత ఆమె ధోరణిలోనే చెప్పించి, మాటకో ఫైలుగా పేరుపెట్టి, సంఘం కంప్యూటర్‌లో దాచాడు.

పూండి మీదుగా ఆటోలో వెళ్తున్నంతసేపూ గౌతమి పెన్‌డ్రైవ్ మూత తీస్తూ పెడుతూనే ఉంది.

గదిలో నలుగురు పెద్దలు, వైకుంఠరావు, యువరాజు, గుమ్మంలో చిన్నమ్మి. సన్యాసయ్య లోపలికి రాలేదు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు, ఒంటిచేత్తో పడవలోకి వల ఎక్కిస్తూ.

పెన్‌డ్రైవ్ పెట్టి ప్రోగ్రాం నడిపింది. ఈసారి కంప్యూటర్ కాదనలేదు. ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి ఇచ్చింది. మైకు గుర్రుమంది. అంతే.

"మూగిదే గావాల," అన్నాడు ఒక పెద్దాయన. ఇంకొకాయన కండువా దులుపుకుని లేచాడు.

గౌతమి కుర్చీ దగ్గరికి లాక్కుంది. కంపైలర్‌దే తప్పు, లైబ్రరీదే తప్పు అనుకుంటూ తెర మీద వరస చదివింది. "veta దొరకలేదు." ఫోల్డర్ తెరిచింది. అందులో ఉన్నది eta.

"మావా, దీనికి పేరెవరు పెట్టారు?"

"నానే. ఏట అనే కదే రాసినాను. ఏట కాపోతే మరేటి?"

గౌతమి ఆ పేరు మళ్లీ చదివింది. ఈ ఊళ్లో ఆ మాటకు 'వ' ఎప్పుడుంది? తనకూ లేదు, పదిహేడేళ్లు వచ్చేదాకా. ఫైలు పేరు మార్చడం క్షణం పని. చెయ్యి అటే వెళ్లింది కూడా. కానీ రేపు కొత్త ఫైలు పెట్టినా యువరాజు మళ్లీ ఏట అనే రాస్తాడు, ప్రోగ్రాం మళ్లీ మూగబోతుంది. అది పైకి చెప్పుకోగల కారణం. దాని కింద ఇంకొకటుంది. దాన్ని తవ్వే తీరిక లేదు.

"రెండు నిమిషాలు కూకోండి," అంది. ఆ మాట మార్చుకోకుండానే వచ్చింది.

వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాంలో 'veta' ఉన్న చోటల్లా మొదటి అక్షరం తీసేసింది. మళ్లీ కట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. రెండు నిమిషాలు కాస్తా నాలుగయ్యాయి. లేచిన పెద్దాయన గుమ్మం దాకా వెళ్లాడు.

"ఒరే, ఏటకెల్లకండ్రా! గాలుంది!"

ఊరంతా అదిరేలా మైకు అరిచింది. గుమ్మంలోని పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"నా గొంతేనేటే అది?" చిన్నమ్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంత గయ్యాళినా నాను?"

"మాకెప్పుడో తెలుసులే," అన్నాడు యువరాజు. అందరూ నవ్వారు.

గౌతమి నవ్వలేదు. కిటికీలోంచి చూస్తోంది. ఉత్తుత్తిదేనని పొద్దున్నే తెలిసిన మనిషి, సన్యాసయ్య, పడవ అంచు మీద పెట్టిన కాలు కిందికి తీసేశాడు.