మాట అందించే మనిషి

మా ఆయన గొంతు తెలియనివాళ్లు ఈ ఊళ్లో ఉండరు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. బస్ స్టాండ్‌లో టికెట్ కౌంటర్ల పైన ఒక అద్దాల గది ఉంటుంది. అందులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదకి వస్తుందో చెప్పడం ఆయన ఉద్యోగం. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆయన మొదలుపెడితే కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా లేచి సంచులు సర్దుకుంటారు. చుట్టాలంతా ఆయన్ని మైకు బావగారంటారు. కోపం వచ్చినప్పుడు నేనూ అదే అంటాను, బావగారు తీసేసి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి మైకు ఆన్ చేసి, చదవాల్సిన కాగితం కనపడక వెతుక్కుంటూ ఉండిపోయాడట. స్పీకర్లలో గరగర తప్ప మాట లేదు. కింద జనం ఏదో ప్రమాదం జరిగిందనుకుని, పిల్లల్ని చంకనేసుకుని గేటు వైపు పరుగెత్తారు. ఒక ముసలావిడ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజు సూపర్‌వైజరు పెట్టిన చీవాట్లు ఆయన ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెబుతాడు. అప్పటినుంచి మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే చాలు, ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. ఏదో ఒకటి చెప్పి దాన్ని పూడ్చందే ఊరుకోలేడు.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క కొడుకు. వాడికి నత్తి. దేవుడికి వేళాకోళం ఎక్కువని నాకు అప్పుడే తెలిసింది.

మావాడికి ప, బ, మ లాంటి పెదాలు కలిసే అక్షరంతో మొదలయ్యే మాటలు ఆగిపోతాయి. మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్లు మూతపడతాయి. కాసేపు ఆగితే వచ్చేస్తుంది. ఆ కాసేపు ఆగడమే వాళ్ల నాన్నకి చేతకాదు. ఒకసారి అన్నం దగ్గర వాడు "పె... పె..." అంటున్నాడు. "పెరుగేగా!" అంటూ ఈయన గిన్నెడు పెరుగు కంచంలో వంచేశాడు. వాడు ఏమీ అనకుండా తినేశాడు. వాడికి కావలసింది పెన్సిల్ అని మర్నాడు బళ్లో టీచరు చీటీ పంపితే తెలిసింది. నేను ఆ రోజు ఈయన్ని నానా మాటలూ అన్నాను. "సాయం చేద్దామనే కదే" అన్నాడు పాపం. నిజమే, సాయమే చేస్తాడు. ఆ సాయంతోనే నా కొడుకు నోరు మూతపడుతోంది.

ఐదో తరగతి దాకా చిన్న బడి కాబట్టి నెట్టుకొచ్చాం. ఈ ఏడు ఆరో తరగతి. పెద్ద స్కూలు, మూడంతస్తుల బిల్డింగు, అన్నీ కొత్త మొహాలు. ఫోన్లో వీడియో ఆగి ఆగి వచ్చినట్టు మాట్లాడతాడని మొదటివారంలోనే మావాడికి 'బఫరింగ్' అని పేరు పెట్టారు. ఆ సంగతి వాడు చెప్పలేదు. పేరెంట్స్ గ్రూపులో ఒక తల్లి తెలియక బయటపెట్టింది: "బఫరింగ్ అంటే ఎవరండీ, మావాడు రోజూ వాడి కబుర్లే చెప్తున్నాడు?" ఆ గ్రూపు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. సాక్సు మడమ దాకానా మోకాలి దాకానా అన్న చర్చ పొద్దున్న మొదలైతే పడుకునేదాకా సాగేది. నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. ఫ్రేముకి సరిపోయేలా అద్దాల అంచులు అరగదీస్తూ ఉంటే పక్కన ఫోను దడదడలాడుతూనే ఉండేది. ఆ ప్రశ్న చూసిన రోజున మాత్రం చేతిలో ఉన్న అద్దం పాడైపోయింది.

మర్నాడే క్లాసు టీచరు నన్ను రమ్మంది. సైన్సు చెప్పే మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎప్పుడూ జలుబు చేసిన గొంతు. నేను కయ్యానికి సిద్ధపడే వెళ్లాను.

"మీవాడికి మాట రాక కాదండీ," అందావిడ. "ఆగేవాళ్లు లేరు, అంతే. మా క్లాసులో మొన్నటినుంచి అందరం ఆగుతున్నాం. వాడు లేచి నిలబడగానే నేను చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి కూర్చుంటాను. అది చూసి పిల్లలు పెన్నులు కింద పెట్టేస్తారు. వాడు ముగించేదాకా ఎవ్వరూ ముట్టుకోరు."

"నవ్వరా?"

"మొన్న నవ్వారు. నిన్న ఒకడు నవ్వితే పక్కవాడే మోచేత్తో పొడిచాడు." ముక్కు తుడుచుకుని అడిగింది, "ఇంట్లో ఎవరైనా మాట అందిస్తారా?"

"అందించడమా? కంచం నిండా వడ్డిస్తారండీ," అన్నాను.

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. స్కూలు గేటు దాటాక మాత్రం ఏడుపొచ్చింది. నా కొడుకు కోసం ఒక గది నిండా పిల్లలు పెన్నులు కింద పెట్టి కూర్చుంటారంటే నమ్మబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం వాడు బ్యాగు కూడా దించకుండా వంటింట్లోకి వచ్చాడు. వాళ్ల నాన్న డ్యూటీలో ఉన్నాడు. "అమ్మా, ఇవాళ ఊపిరితిత్తుల గురించి నేనే చెప్పా. మ్... మ్... మొత్తం." నేను గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మొహం చూసి బెదిరిపోతాడు. "ఊఁ, తర్వాత?" అన్నాను. తర్వాత కూడా చెప్పాడు. ఆ పూట పంపు కింద నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ఏడాది మొదట్లో ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రుల్ని ఒక సాయంత్రం పిలుస్తారు. పెద్దవాళ్లు పిల్లల బెంచీల మీద కూర్చోవాలి. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి అమ్మనో నాన్ననో పక్కన నిలబెట్టుకుని, వాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్దవాళ్లు నోరు విప్పకూడదు.

"నా గురించి చెప్పరా," అన్నాను. "కళ్లద్దాల షాపు. తేలిగ్గా వచ్చేస్తుంది నీకు."

తల అడ్డంగా ఊపాడు. "నాన్న గురించే."

"అందులో అన్నీ నీకు కష్టమైన మాటలే కదరా."

"నాన్న గురించే," అన్నాడు మళ్లీ. ఎక్కడా తడబడలేదు.

వారమంతా వంటింట్లో ప్రాక్టీసు. 'మా నాన్న బస్ స్టాండ్‌లో పని చేస్తారు. ఆయన చెప్తేనే అందరికీ దారి తెలుస్తుంది.' రెండే వాక్యాలు, రెండూ వాడు సొంతంగా రాసుకున్నవే. రెండోది నాకు మొదటిసారి చెప్పినప్పుడు ముఖం పక్కకి తిప్పుకుని చెప్పాడు. తండ్రి అంటే వాడికి అంత గొప్ప అని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకైతే అసలే తెలియదు.

ఆయన చేత ఒట్టేయించుకున్నాను. "మీరు నోరు తెరిచారో, చూడండి. వాడు తెల్లారేదాకా నిలబడినా సరే, మీరు గుటక కూడా మింగకూడదు."

"నాకా చెప్తున్నావు? వాడు నా కొడుకే," అన్నాడు. సెలవు పెట్టి, షర్టు తనే ఇస్త్రీ చేసుకున్నాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, అక్కడ మాట్లాడకూడదు కాబట్టి.

క్లాసు గదిలో బెంచీలు మరీ చిన్నవి. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. పిల్లలు గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. ఒక పిల్ల తన తల్లి నర్సు అని చెప్పింది. ఇంకొకడు మా నాన్న గురక పెడతాడని చెప్పి అందర్నీ నవ్వించాడు. మావాడి వంతు వచ్చింది. వాళ్ల నాన్న లేచి పక్కన నిలబడ్డాడు. టీచరు చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి కూర్చుంది. గోడ దగ్గర పిల్లలు చేతులు కట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో ఇవాళ పెన్నులు లేవు మరి.

"మ్... మ్... మ్..."

ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. నేను మా ఆయన మొహమే చూస్తున్నాను. చెమటలు పడుతున్నాయి, పెదాలు బిగబట్టాడు.

"మా నాన్న," అన్నాడు మావాడు. నాకు ఊపిరి వచ్చింది. ఆయన కూడా ఊపిరి వదిలాడు.

"బ్... బ్..."

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. పిల్లలు మాత్రం కదల్లేదు, ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. మావాడి కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, మెడ బిగుసుకుంది, మాట పెదాల దాకా వచ్చింది. వచ్చేస్తోంది, నాకు తెలుసు, వారమంతా విన్నదాన్ని. అప్పుడు మా ఆయన కుడిచెయ్యి ముందుకు జరిగి, గాల్లో లేని మీట ఏదో నొక్కింది.

"బస్ స్టాండ్‌లో అనౌన్సర్‌గా పని చేస్తారు!"

ఆ గొంతు. గది అదిరింది. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వాచీ చూసుకున్నాయన లేచి నిలబడ్డాడు. "అరె! ఆ గొంతు మీదా! రోజూ వింటానండీ!" ఇక చూడండి, చప్పట్లే చప్పట్లు. ఒకావిడ, "ఒక్కసారి ప్రయాణికులకు విజ్ఞప్తి అనండీ," అని బతిమాలింది. ఆయన ఇటూ అటూ చూసి, మొహమాటపడి, అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆ అర నిమిషం ఆయన మొహంలో సంతోషం కనిపించింది, నేను అబద్ధం చెప్పను. ఆ మొహాన్ని నేను ఇంకా క్షమించలేదు.

మావాడు కళ్లు తెరిచాడు. నోరు మూసుకున్నాడు. వెళ్లి గోడ దగ్గర తన చోట్లో నిలబడ్డాడు. టీచరు చాక్‌పీసు తీసుకోకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

ఇంటికొచ్చేటప్పుడు వాడు మా ముందు నడిచాడు. "ఏదో జరిగిపోయిందే, నోరు దానంతటదే..." అని ఈయన నసిగాడు.

"వాడు ఇంకొకటి చెప్పాలి," అన్నాను. "ఆయన చెప్తేనే అందరికీ దారి తెలుస్తుంది అని. అదీ వాడు చెప్పాల్సింది."

ఆయన రోడ్డు మీద ఆగిపోయాడు. నాకు జాలి వేయలేదు.

మర్నాటినుంచి వాడు తలతోనూ చేతితోనూ మాట్లాడటం మొదలుపెట్టాడు. అన్నం కావాలంటే కంచం చూపిస్తాడు. నాతో కూడా అంతే. టీచరు ఫోను చేసింది. "హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడండీ, అంతే. నేను చాక్‌పీసు పెట్టి కూర్చుంటూనే ఉన్నాను. వద్దన్నట్టు తలూపుతాడు." గ్రూపులో మాత్రం మా ఆయన పేరు మోగిపోతోంది. పుట్టినరోజు శుభాకాంక్షలు ఆ గొంతుతో రికార్డు చేసి పంపమని ఒకరు, తమ షాపు ప్రకటన చదవమని ఒకరు. వినలేక ఆ గ్రూపు మ్యూట్ చేసి పారేశాను.

ఆయన ప్రయత్నించలేదనలేను. కొడుకు ఎదురుగా ఉంటే నోటినిండా నీళ్లు పట్టి కూర్చునేవాడు, మాట బయటికి దూకకుండా. ఆగడం నేర్చుకున్నాడు. ఏదైనా అడిగి, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్లార్పకుండా ఎదురుచూసేవాడు. వాడు తలూపి వెళ్లిపోయేవాడు. ఈయన సింకులో నీళ్లు ఉమ్మేసి డ్యూటీకి పోయేవాడు.

పీటీ పీరియడ్‌కి బూట్లు కావాలని వాడు అడుగు ఊడిపోయిన పాత బూటు చూపిస్తే, ముగ్గురం కలిసి షాపుకి వెళ్లాం. షాపాయన మావాడి పాదం కొలిచి, వాడివైపే చూసి అడిగాడు. "ఏ రంగు చెప్పారు బాబూ స్కూల్లో? నల్లవా, తెల్లవా?"

అది వాడొక్కడికే తెలుసు. నేను నోరు మూసుకున్నాను. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆగాడు. నిజంగా ఆగాడు. షాపాయన రెండు అట్టపెట్టెలు పట్టుకుని నిలబడ్డాడు, వెనక ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. ఎంతసేపైనా మా ఆయన కదల్లేదు. వాడు నాన్న మొహంలోకి చూశాడు. ఆ సాయంత్రం తర్వాత వాడు నోరు విప్పడం అదే మొదలు. ఇప్పుడు పెదాలు కలవని అక్షరాల దగ్గర కూడా మాట ఆగుతోంది.

"ను... నువ్వే చ్... చెప్పు నాన్నా. అం... అందరూ ఎ... ఎదురుచూస్తున్నారు. నేను చె... చెప్తే ఆ... ఆలస్యమవుతుంది."

వాడికి మాటలు వచ్చినప్పటినుంచి, వాడు మొదలుపెట్టిన మాటని మా ఆయన మధ్యలో తుంచకుండా చివరిదాకా వినడం అదే మొదటిసారి. అలా విన్నది ఆ మాటే.

ఆ గొంతు ఎక్కడికి పోయిందో, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. "తెల్లవి," అన్నాడు.

వాడు సరేనని తలూపి, స్టూలు మీద కూర్చుని, సాక్సు పైకి లాక్కున్నాడు. అప్పుడు పెరుగు తిన్నట్టే ఆ తెల్ల బూట్లు తొడుక్కున్నాడు.

కొన్నాళ్ల తర్వాత గ్రూపు తెరిచాను. ఎవరో పీటీ పీరియడ్ ఫొటో పెట్టారు. పిల్లలంతా చేతులు చాచి వరసగా నిలబడ్డారు. మావాడివి తప్ప అందరివీ నల్ల బూట్లు.