వాన పడని ఏడు

"నీళ్ల ఇంజనీరమ్మ ఇంట్ల బిందెడు నీళ్లు లేవాయె. ఊరోళ్లు ఇంటే నవ్వరా?"

ఆదివారం మధ్యాహ్నం మోటారు స్విచ్చి వేసి, పైపు కొసను డ్రమ్ములో పెట్టి నిలబడ్డ నా వెనక మా అత్తమ్మ లక్ష్మమ్మ అన్న మాట అది. పైపు రెండు బిందెల ఎర్రనీళ్లు కక్కి, తర్వాత గాలి ఊదడం మొదలుపెట్టింది. మోటారు ఆపేశాను. అత్తమ్మకు బదులివ్వాలంటే చాలా ఉంది. ఆ బోరు పంపకం చేసింది నేను కాదు, ఆమె కొడుకులిద్దరూ.

శామీర్‌పేటలో మా ఇల్లూ, మా బావగారి ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. బోరు మాత్రం ఒకటే. అది వేయించిన ఏడు వానలు దంచికొట్టాయి, చెరువు అలుగు పారింది. పెద్దమనుషుల్ని పిలిచి, చాయలు తాగి, మగవాళ్లంతా మంచాల మీద కూర్చుని "చెరి పూట" అని తేల్చేశారు. పొద్దటి పూట బావగారిది, మాపటి పూట మాది. ఎంత న్యాయం! బిందెలు మోసే తోడికోడళ్లం ఇద్దరం ఉన్నాం కదా, మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. చాయలు మాత్రం మేమే పెట్టాం. అడిగి ఉంటే చెప్పేదాన్ని, ఎండాకాలం రాత్రంతా ఊరిన నీళ్లన్నీ పొద్దున మోటారు వేసినవాళ్లవేననీ, మధ్యాహ్నానికి మిగిలేది గాలేననీ. పంచుకోవాల్సింది పూటలు కాదు, నీళ్లు. నిరుడు వానలు మొహం చాటేశాయి. ఈ ఏడు, రెండు వేల ఐదు ఎండాకాలంలో, ఆ న్యాయం ఏపాటిదో తెలిసొచ్చింది. బావగారి భార్య రాధమ్మ మంచిది కాబట్టి, వాళ్లాయన చూడకుండా గోడ మీది నుంచి నాలుగు బిందెలు అందిస్తుంది. ఒప్పందం మార్చమని మా ఆయన యాదగిరితో అంటే, "అన్నతోని పంచాయితీ పెట్టుకుంటమా? నలుగుర్ల ఒప్పుకున్న ముచ్చట అది. జర అడ్జస్టు చేసుకో" అన్నాడు. అడ్జస్టు కావలసింది నా నడుమే గనక ఆయనకు అది చిన్న సంగతి.

బోయిన్‌పల్లిలోని ఆఫీసులో నేను జీతానికి చేసే పనీ ఇలాంటిదే. కాకపోతే అక్కడ బోరు బదులు నది. పై రాష్ట్రమూ మనమూ కలిసి నది నీళ్లు వాడుకునే పథకం ఒకటి తయారవుతోంది. అది ఎక్కడ బెడిసికొట్టే ప్రమాదముందో ముందే చూసి చెప్పాలి. నది నిండుగా ఉన్న ఏడు అందరూ అన్నదమ్ములే, పంచడానికి ఇంజనీర్లు కూడా అక్కర్లేదు. ఒప్పందం ముసాయిదాలో వాన పడని ఏడు గురించి ఒక్క వాక్యం లేదు. ఆ ఏడే ఎన్నికలూ వస్తే ఇక చెప్పేదేముంది, నీళ్లు తగ్గిస్తున్నామని సంతకం పెట్టే నాయకుడు ఏ పార్టీలోనూ దొరకడు. అందుకే నెలల తరబడి కూర్చుని ఒక అధ్యాయం రాశాను. నాట్లకు ముందే రెండు వైపుల ఇంజనీర్లూ కలిసి జలాశయాల్లో నీటిమట్టాలు చూడాలి, తక్కువైతే ఇద్దరూ ఒకే పాళ్లలో తగ్గించుకోవాలి, ఆ సంగతి రైతులకు ముందే చెప్పాలి. మన చెరువుల కింద తైబంది అని చేసేవారే, ఉన్న నీళ్లను బట్టి తలా కొంత మడి నాటుకుని మిగతాది బీడు పెట్టడం, అదే నదికి చేద్దామన్నాను.

మా పై అధికారి రాజారావు గారు చదివి, "అద్భుతంగా రాశారండీ పార్వతి గారూ" అన్నారు. నేను సంతోషపడేలోపే, "మీటింగులో మన హేమచంద్ చదువుతాడు లెండి. అరుపులూ కేకలూ ఉంటాయి, ఆడవాళ్లకు ఇబ్బంది. మీరు భోజనాలు చూసుకోండి. పై రాష్ట్రం వాళ్లలో ఉల్లిపాయ తిననివాళ్లున్నారట, అలాంటివి మీకైతే బాగా తెలుస్తాయి" అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు బాగా తెలిసింది ఉల్లిపాయ అన్నమాట! ఎవరు చదివితేనేం, ఆ పేజీలు అక్కడికి వెళ్తే చాలని కోపం మింగేశాను. మింగడం మాకు పుట్టింట్లోనే నేర్పిస్తారు.

ఇంట్లో వేరే గొడవ. మా ఆయన కీసర వైపు పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్ముతాడు. ఈసారి జడ్పీటీసీ టికెట్ కోసం తిరుగుతున్నాడు. ఆ వారం అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు నెట్టాడు.

"నీ పెండ్లాం మన నీళ్లు పైనోళ్లకు రాసిస్తాందట గదా అని టికెట్‌కు నాతోని పోటీ వడ్తున్న మల్లేశం నలుగుర్ల అడిగిండు. ఇజ్జత్ పోయింది. గా కాయితాలు తీసెయ్."

"రాసిచ్చుడు కాదు, ఇద్దరం తగ్గించుకునుడు. గా మాట లేకుంటే కరువుల వాళ్లు చుక్క ఇడువరు."

"గవన్ని జనానికి సమజ్ గావు. మన నీళ్లు మనకే అంటే చప్పట్లు గొడ్తరు. నా టికెట్ ముఖ్యమా, నీ లెక్కలు ముఖ్యమా?"

తీయనన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

సమావేశం రోజు పొద్దున అందరి కుర్చీల ముందూ ఫైళ్లు సర్దుతూ ఒకటి తిరగేశాను. విషయసూచికలో నా అధ్యాయం పేరుంది, లోపల పేజీలు లేవు. రాజారావు గారు నా మొహం చూసి మర్యాదగానే చెప్పారు. "మీవారు ఫోన్ చేశారండీ, పాపం చాలా బాధపడ్డారు. నా వల్ల మీ సంసారంలో కలతలు రాకూడదు. మేమిద్దరం మాట్లాడుకుని తీసేశాం."

మేమిద్దరం! నేను రాసిన దాని గురించీ, నా సంసారం గురించీ నేను లేకుండానే ఇద్దరు మగవాళ్లు ఒప్పందానికి వచ్చేశారు. నాకొక మాట చెప్పాలని కూడా తోచలేదు. నా ఒళ్లు మండిపోయింది. ఒకరు నా మేలు కోరి, ఒకరు తన టికెట్ కోరి, ఇద్దరూ కలిసి నన్నే తీసేశారు. లేని ఆ పేజీల వల్ల రేపు ఏ కాలువ చివరో ఎవరి నారు ఎండిపోతుందో వాళ్లకు పట్టలేదు. వంటవాళ్లకు ఉల్లిపాయ వద్దని చెప్పి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాను.

హేమచంద్ చదివాడు. పై రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన, చీఫ్ ఇంజనీరు, అంతా విని, "బాగుంది, మరి నిరుడు లాంటి కరువొస్తే?" అని అడిగాడు. హేమచంద్ పేజీలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. రాజారావు గారు నావైపు చూసి, భోజనాలకు పిలవమన్నట్టు తల ఊపారు. నేను లేచాను. భోజనాలకు పిలవలేదు. నా అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మనవైపు నాయకుడొకాయన బల్ల గుద్ది, "నువ్వు ఎవరి తరపున మాట్లాడ్తున్నవమ్మా?" అని అరిచాడు. "కాలువ చివరి పొలం వాళ్ల తరపున" అన్నాను. పెద్దాయన ఆ పేజీలు కావాలన్నాడు. ఆయనకు ఇచ్చి మనవాళ్లకు ఇవ్వకపోతే బాగుండదు కాబట్టి, అధ్యాయం ఫైల్లోకి తిరిగి వచ్చింది. రాజారావు గారు మాత్రం పేరు చివర గారు లేకుండా, "రేపు నా గదికి రా పార్వతీ" అన్నారు.

నేను ఎక్కిన బస్సు కంటే ముందే కబురు ఇల్లు చేరింది. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"టికెట్ పాయె, ఇగేముంది? మల్ల దక్కాలంటే నాకొక్కటే తొవ్వ. వచ్చే ఐతారం పార్టీ సభల మైకు పట్టుకొని జెప్తా, నా పెండ్లాం చేసింది తప్పు, దానికీ నాకూ సంబంధం లేదని."

నాకు భయమేసింది. రేపు ఆఫీసులో ఏమవుతుందో తెలియదు, ఈ ఇంట్లో ఏమవుతుందో అసలే తెలియదు. అయినా చెప్పులు విప్పి, ఆయన కళ్లలోకి చూసే అన్నాను.

"చెప్పు. నేను సుత వస్త. ముందల కుర్సీల కూసుంట. నువ్వు మాట్లాడుడు అయినంక లేచి ఒక్కటే అడుగుత. వాన పడని ఏడు ఎవరి మడి ఎండాలె, ఆళ్ల పేరు జెప్పి అప్పుడు ఓటడుగుమని."