కబూల్ అనకముందే

సుబ్బరాయన్ ఆ మెయిల్‌ను మూడోసారి పైకి చదువుతున్నాడు. ఎదురుగా కాజా రావుత్తర్ కళ్లు మూసుకుని వింటున్నాడు. ముల్లా వీధిలో పాత తలుపులూ కిటికీలూ అమ్మే ఈ దుకాణానికి ఆయన యజమాని, ముదలాళి. సుబ్బరాయన్ ఇరవై ఏడేళ్లుగా ఆయన టైపిస్టు. పొట్టి మనిషి, మెడలో చేతిరుమాలు, పదివేళ్లతో కొట్టే పాతకాలపు పనివాడు.

దుకాణంలో ఒక పద్ధతి ఉంది. బేరం ఉత్తరం చదువుతుంటే ఇద్దరూ లేవకూడదు. రావుత్తర్ నోటితో "కబూల్" అన్నాకే జవాబు పోవాలి. కిందటేడు, 2004లో, కంప్యూటరు వచ్చాక కవరు అంటించే బదులు బటన్ నొక్కుతున్నారు, అంతే తేడా.

మెయిల్ కౌలాలంపూర్ వర్తకుడిది. దుకాణం మొత్తం కొంటానంటున్నాడు.

"ఒప్పుకున్నట్టు రాసి పెట్టు. పంపొద్దు. అమ్మాయిని అడిగి రేపు చెప్తా." రావుత్తర్ గ్యాసేలెమ్మని రెండు మాత్రలు మింగి, గుండె రుద్దుకుంటూ ఇంటికి వెళ్లాడు.

సుబ్బరాయన్ రాశాడు. చివరి చుక్క పెట్టగానే అలవాటుపడిన వేలు దానంతటదే పంపేసింది. అచ్చుతప్పు పడితేనే అన్నం సయించని మనిషి, ఇప్పుడు యజమాని ఇవ్వని మాట ఇచ్చేశాడు. తన ఉద్యోగాన్ని కూడా తనే అమ్మేశాడు. పోయిన మెయిల్‌ను వెనక్కి లాగడానికి కనపడ్డ బటనల్లా నొక్కి చూశాడు, పిచ్చి మారాజు.

మధ్యాహ్నం సైకిలెక్కి ఆయన ఇంటికి వెళ్లాడు. రావుత్తర్ మంచం మీద ఉన్నాడు.

"ముదలాళీ, చెయ్యి జారిపాయ. మీరు చెప్పకుండానే పంపించేస్తి."

రావుత్తర్ తిట్టలేదు. "నేను కబూల్ అనకుండా పోయిన మాట వేలాడతా ఉంటాది. మా షరియత్‌లో అంతే. నేను సరే అంటే నిలుస్తాది, లేదంటే పడిపోతాది."

"ఏమంటారు మరి?"

"రేపు అంగట్లో కూర్చోని చెప్తా. పో, భయపడొద్దు."

సాయంత్రం నమాజు వేళకు ఆయన పోయాడు. కూతురు ఫర్జానా నీళ్లు తేవడానికి వెళ్లి వచ్చేలోపే.

నాలుగో రోజు ఫర్జానా దుకాణం తెరిచింది. "కౌలాలంపూర్ నుంచి ఫోన్ వచ్చింది మామా. నాయన ఒప్పుకున్నాకే కదా పంపినారు?"

ఊ అంటే తన తప్పు ఎవరికీ తెలియదు. కాదంటే ఉద్యోగం కోసం అబద్ధమాడుతున్నాడంటారు. ఆయన మాట విన్నది తనొక్కడే.

"లేదమ్మా. ఆయన కబూల్ అనలే. నేనే తెలీక పంపితి."

"ఎవురైనా విన్నారా?"

"ఎవురూ లేరమ్మా."

ఫర్జానా తాళాలగుత్తి బల్ల మీద పెట్టింది. "అయితే ఆ మాట నాయనతోనే పోయింది. అట్లే రాయండి."

రాశాడు. పైకి చదివాడు. వేలు మాత్రం బటన్ మీద కదల్లేదు.

"కబూల్ అనమ్మా," అన్నాడు.

ఫర్జానా కూర్చుంది. కూర్చున్నాకే అంది. అతను నొక్కాడు.

బల్ల చివర రావుత్తర్ వదిలివెళ్లిన గ్యాసు మాత్రల అట్ట ఉంది, రెండు గుంటలే ఖాళీ.