చావింటి కాఫీ

నిమర్ కాఫీ గింజలు వేయిస్తున్నాడు. వాటి మీద నూనె మెరవగానే పెనం దించి, చెక్క రోట్లో పోసి దంచడం మొదలుపెట్టాడు. వంగిన భుజాలు, వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు, చెవి వెనక సగం కాల్చిన సిగరెట్టు. బైబిలు బేతనియ అని పిలిచిన ఈ ఐజరియాలో ఎవరు పోయినా, మూడు రోజులూ కాఫీ కాచేది అతనే. చావింటి కాఫీలో పంచదార వెయ్యరు. పెళ్ళిళ్ళకూ అతనే కాస్తాడు. అప్పుడు ధారాళంగా వేస్తాడు.

ఈసారి పోయింది టైల్స్ వ్యాపారి. షామియానా కింద కుర్చీల నిండా మగవాళ్ళు. వీధి చివర, లాజరు సమాధి ముందు, విదేశీయుల బస్సు ఆగింది.

"అక్కకెలా ఉంది?" మంగలి ఫవ్వాజ్ అడిగాడు.

"ఊపిరి అందట్లేదంట."

"మరి పర్మిట్?"

"ఇంకా చూస్తున్నారంట."

ఫవ్వాజ్ సమాధి వైపు గడ్డం ఎత్తాడు. "ఏసు నాలుగు రోజులు లేటుగా వచ్చి కూడా లాజరుని లేపాడు కదా! ఈ పర్మిట్లిచ్చేవాళ్ళూ ఆ ధైర్యంతోనే ఉన్నారులే."

ఇద్దరూ నవ్వబోయి, చావిల్లని గుర్తొచ్చి దగ్గారు.

అక్క రస్మియా ఉన్న ఆసుపత్రి ఎదురుగా కొండ మీదే ఉంది. షామియానాలోంచి దాని పై అంతస్తు కనిపిస్తుంది. తల్లి పోయాక నిమర్‌ను పెంచింది ఆ అక్కే. పెళ్ళై కొండ అవతలికి వెళ్ళినా, ఒంటివాడైన తమ్ముడి కోసం బియ్యం కూరిన వంకాయలు పట్టుకుని నడిచి వచ్చేది. తర్వాత మధ్యలో సైన్యం కట్టిన గోడ లేచింది, పర్మిట్ లేనిదే ఇటువాళ్ళని అటు పోనివ్వరు. ఆమెను ఒక్కసారి చూడాలి. ఇప్పుడు అతనికి వేరే కోరిక లేదు.

మధ్యాహ్నం మేనల్లుడు సమీహ్ ఫోన్ చేశాడు.

"మామయ్యా, పర్మిట్ వచ్చేసింది! రేపు పొద్దున్నే బయల్దేరు. చెప్పగానే అమ్మ కళ్ళు తెరిచింది. గడ్డం గీసుకుని రమ్మంది, బిచ్చగాడిలా రావద్దంది."

పొయ్యి మీద కొత్త కాఫీ పొంగుతోంది. పెళ్ళిళ్ళ సంచిలోంచి పంచదార డబ్బా ఎప్పుడు తీశాడో, ఎన్ని చెంచాలు వేశాడో నిమర్‌కే తెలియదు.

ముందు వరుసలో పెద్దాయన ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. పక్కాయనా పెట్టాడు.

వ్యాపారి పెద్దకొడుకు లేచి వచ్చాడు. "మా నాన్న పోతే నీకు పెళ్ళిలా ఉందా ముసలోడా?"

"తప్పైంది నాయనా. చెయ్యి అలవాటులో..."

"నీ చెయ్యి తీసుకుని బయటికి నడువు."

అంతమందిలో ఆ మాట పడ్డా నిమర్‌కు సిగ్గు వెయ్యలేదు. నేరుగా వెళ్ళి ఫవ్వాజ్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక చెంప నున్నగా అయింది. రెండోదాని మీద నురగ ఉండగానే మళ్ళీ ఫోన్ మోగింది. సమీహ్ ఏడుస్తున్నాడు.

ఆ సాయంత్రమే అక్కను గోడ అవతల పూడ్చారు. పర్మిట్ రేపటిది, అదీ రోగిని చూడ్డానికి ఇచ్చింది. నిమర్ డాబా ఎక్కి, గోడ వైపు తిరిగి, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ప్రార్థన వినిపించింది. తర్వాత పారల చప్పుడు.

కిందికి దిగేసరికి గది నిండా జనం. కాఫీ కాచేందుకు ఇంకెవరున్నారు? నిమరే కాచి పోశాడు. వ్యాపారి కొడుకూ వచ్చాడు. కప్పు అందుకుని, ముందు నాలుక చివరతో రుచి చూసి, అప్పుడు తాగాడు.

మర్నాడు అవతలి టాక్సీవాడి చేత సమీహ్ ఆసుపత్రి సంచి పంపాడు. సంచికి పర్మిట్ అక్కర్లేకపోయింది. అందులో ఒక శాలువా, దాని మడతలో చెక్క దువ్వెన. పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్లవెంట్రుకల కొసల్లో గోరింటాకు ఎరుపు ఇంకా వదల్లేదు.